తొమ్మిదో మజిలీ

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. మా పుట్టింట్లో ఆ సామెత చెల్లదు. మావాళ్లు అడక్కుండానే పెడతారు, వద్దన్నా వడ్డిస్తారు, పక్కింటి పిల్లకి సంబంధం పక్కింటివాళ్లకంటే ముందే ఖాయం చేస్తారు. ఆ రక్తమే నాదీ. ఎదుటివాళ్లకు ఏది మంచిదో నాకే బాగా తెలుసని ఒక నమ్మకం. మా ఆయనకు కార్ల పిచ్చి, నాకు మేలు చేసే పిచ్చి. రెండేళ్ల కిందటి జూన్ నెల దాకా మొదటిదే ప్రమాదమని అనుకునేదాన్ని.

మాది రాజమండ్రి, ఆయనది వరంగల్. జర్మనీలోని కెమ్నిట్జ్‌లో మాస్టర్స్ చదివేటప్పుడు పరిచయమై పెళ్లిదాకా వచ్చింది. ఉద్యోగాలు కార్ల్స్‌రూహెలో దొరికితే అక్కడే ఉండిపోయాం. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. తప్పులు వెతకడమే నా పని. ఆఫీసయ్యాక కూడా ఆ పని మానవని మా ఆయన దెప్పుతుంటాడు. ఆయనకు చాలాకాలంగా ఒకటే కోరిక. పైకప్పు తెరుచుకునే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కొనాలి, మూడు వారాలు సెలవు పెట్టాలి, యూరప్ కొండలన్నీ చుట్టి రావాలి. నేను కాదనీ అవుననీ అనకుండా నెట్టుకొస్తుండగా ఆ ప్రకటన ఆయన కంటపడింది.

ట్రామ్ ఆఖరి స్టాపులో దిగి, బస్సులో ఇంకో పావుగంట వెళ్తే వచ్చే పల్లె అది. బ్లాక్ ఫారెస్ట్ అడవి ఆ ఇళ్ల పెరళ్ల వెనకే మొదలవుతుంది. కారు అమ్ముతున్నది ఎనభై దాటిన ముసలావిడ. రెండు చేతికర్రలతో గరాజ్ దాకా నడిచి వచ్చి, కారు మీద కప్పిన గుడ్డ మమ్మల్నే తీయమంది. ముదురాకుపచ్చ రంగు, ఇరవై ఏళ్ల నాటి బండి, ఒక్క గీత లేదు. అది తన భర్తదనీ, ఆయన పోయి ఏడాదైందనీ చెప్పింది. మా ఆయన బానెట్ మీద చెయ్యి వేసి దాన్నే చూస్తూ నిలబడ్డాడు. పెళ్లిపీటల మీద కూడా నన్ను అలా చూడలేదు.

ధర వినగానే ఇందులో ఏదో మెలిక ఉందనుకున్నాను. ఉంది. ఆ పెద్దాయన తన ఆఖరి చలికాలంలో కారు నావిగేషన్‌లో తొమ్మిది చోట్లు ఎక్కించి పెట్టుకున్నాడట. పేర్లు లేవు, ఒకటి నుంచి తొమ్మిది దాకా నంబర్లే. వేసవిలో బయలుదేరాలనుకున్నాడు, ఈలోపే పోయాడు. కొన్నవాళ్లు ముందు ఆ తొమ్మిదీ వరసగా తిరిగి రావాలి. సీట్ల వెనక అడుగున మూత ఉన్న చిన్న అర ఒకటి ఉంది, అందులో ఆయన సామాను ఉంది, దాన్ని కదపకూడదు. తిరిగి వచ్చాక కారు ఒకసారి తీసుకొస్తే ఆ సామాను ఆవిడే తీసుకుంటుంది. ఆ తర్వాత బండి పూర్తిగా మాది.

"ఎలా వెళ్లిందో అలాగే తిరిగి రావాలి" అంది. మా ఆయన చేతిలో చెయ్యి వేసి మాటిచ్చాడు. నేనూ ఇచ్చాను. ఆవిడ నా చెయ్యి వెంటనే వదల్లేదు.

బయలుదేరే రోజు పొద్దున ఆవిడ ఇంటి ముందే పూజ చేశాను. బానెట్ మీద కుంకుమబొట్టు పెట్టి, అగరొత్తులు తిప్పి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టాను. ఆవిడ కిటికీలోంచి చూసి, కర్రలు టకటకలాడించుకుంటూ బయటికి వచ్చింది. ఇదెందుకని అడిగింది. కారులో ఉన్నవాళ్లు క్షేమంగా ఇంటికి తిరిగి రావడానికని చెప్పాను.

"అందరూనా?" అంది.

ఉన్నది ఇద్దరం, అందరూ ఏమిటి అనుకుంటూనే, అవును, అందరూ అన్నాను. ఆవిడ తలూపి, నిమ్మకాయలు చితికేదాకా అక్కడే నిలబడి చూసింది.

మొదటి నంబరు నొక్కగానే నావిగేషన్‌లోని ఆడగొంతు మమ్మల్ని అడవిలోకి పట్టుకుపోయింది. గంటకు పైగా మలుపులే. చివరికి మీరు గమ్యం చేరుకున్నారంది. చూస్తే మూతపడ్డ పెట్రోలు బంకు. పంపులు పీకేసి ఏళ్లయింది, సిమెంటు పగుళ్లలో మోకాలెత్తు గడ్డి, కనుచూపు మేరలో ఇల్లు లేదు. అడవిలో పిట్ట కూడా కూయడం లేదు. పెద్దాయన పొరపాటున నొక్కి ఉంటాడనుకున్నాం. ఫ్లాస్కులోని టీ తాగి, మళ్లీ ఎక్కి, స్టార్ట్ చేయగానే నా నడుము కింద వెచ్చగా తగిలింది. డాష్‌బోర్డు మీద నా వైపు సీటు హీటర్ దీపం నారింజ రంగులో వెలుగుతోంది. బయట ముప్పై డిగ్రీల ఎండ. నువ్వు వేశావా అని నేనూ, నువ్వు వేశావా అని ఆయనా ఒకేసారి అడిగాం. ఆపేశాను.

రెండో నంబరు బోడెన్‌సే సరస్సు ఒడ్డున. ఊరు కాదు, పడవల రేవు కాదు, నీళ్లలోకి దిగే నాలుగు సిమెంటు మెట్లున్న ఖాళీ స్థలం. అక్కడా అంతే. దిగి చూసి వచ్చి స్టార్ట్ చేయగానే నా సీటు వేడెక్కింది. తర్వాత సరిహద్దు దాటాం. ఆల్ప్స్‌లో ఒక మలుపు దగ్గర రాళ్లకుప్ప. ఇటలీలో వరిపొలం గట్టు ఒకటి, రైలు వంతెన కింద నీడ ఒకటి. స్లొవేనియాలో రంపపు మిల్లు వెనకాల మట్టిరోడ్డు. ఒక్కటంటే ఒక్కటి మనుషులు పనిగట్టుకుని వెళ్లే చోటు కాదు. ఫోటో తీసినా ఎవరికి చూపించాలో తెలియదు. ఒకటి మాత్రం గమనించాను. వాస్తు పట్టింపున్న ఇంట్లో పుట్టినదాన్ని కదా, ఎక్కడికెళ్లినా దిక్కులు చూసుకుంటాను. ప్రతి చోటా కారు ఆగడానికి వీలున్న వైపు ఆపితే, దాని ముఖం తూర్పుకే ఉండేది.

ఇంకో సంగతి డ్రైవర్ సీటు. ప్రతి పొద్దునా తలుపు తీయగానే ఆ సీటు సన్నగా మూలుగుతూ తనంతట తను వెనక్కి జరిగేది. అద్దాలు పైకి తిరిగేవి. ఆరడుగులు దాటిన మనిషెవరో అప్పుడే వచ్చి కూర్చున్నట్టుండేది. మా ఆయన ఐదడుగుల ఆరంగుళాలు. రోజూ తిట్టుకుంటూ ముందుకు జరుపుకునేవాడు, మర్నాడు మళ్లీ అంతే.

నాకు భయంగా ఉందంటే నవ్వాడు. "గట్లేం లేదు. తాళంచెవికి మెమరీ ఉంటది. పెద్దాయన సీటు దాంట్ల సేవ్ అయింది. హీటర్ స్విచ్ ఖరాబైంది. అంతే."

స్విచ్ పాడైతే హోటళ్ల ముందు ఎందుకు వెలగదు, పెట్రోలు బంకుల దగ్గర, టోల్ గేట్ల దగ్గర ఎందుకు వెలగదు, ఆ చోట్లలోనే ఎందుకని అడిగాను. బగ్ రిపోర్టు రాసే అలవాటు నాది. ఎక్కడ, ఎప్పుడు, ఎన్నిసార్లు అన్నీ చెప్పాను. ఆయన పాటలు పెట్టాడు. నేను మాత్రం ఆ రోజు నుంచి కారు ఎక్కేముందు సీటు మీద చెయ్యి పెట్టి చూసుకుని కూర్చునేదాన్ని.

ఏడో నంబరు ఆస్ట్రియాలో, ఒక కొండవాగు పక్కన. అక్కడికి చేరేసరికి ఇంకో గోల మొదలైంది. ఎడమ మలుపు తిరిగినప్పుడల్లా నా వీపు వెనక ఏదో దొర్లి తగులుతున్న చప్పుడు. కుడి మలుపులో ఉండదు. పక్కవాళ్లు పడిపోయినా పట్టించుకోడు గానీ, కారులో చప్పుడొస్తే మా ఆయనకు నిద్రపట్టదు. వాగు పక్కన ఆపి, నేను వద్దంటున్నా వినకుండా, సీట్లు ముందుకు వంచి ఆ అర మూత తీశాడు. కదపను, చుట్టూ గుడ్డ కుక్కి మూసేస్తానన్నాడు. ముదురునీలం ఉన్ని మఫ్లరు ఒకటి విడిపోయి పడి ఉంది. దాని పక్కన కాఫీపొడి డబ్బా. మూత చుట్టూ కరెంటువాళ్ల నల్ల టేపు. మూత మీద అంటించిన కాగితం ముక్కలో వణికే చేతిరాతతో రెండు తేదీలు. ఒకటి పాతది, ఒకటి ఏడాది కిందటిది.

గోదావరి రేవు పక్కన పెరిగినదాన్ని. బడికి వెళ్తూ వస్తూ రోజూ చూసేదాన్ని, ఏయే ఊళ్ల నుంచో జనం మట్టికుండలు, స్టీలు చెంబులు పట్టుకుని వచ్చి మెట్లు దిగడం. ఆ బరువు ఎలా ఉంటుందో, కదిపితే ఎలా చప్పుడు చేస్తుందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. డబ్బా ఎత్తగానే తెలిసింది. పన్నెండు రోజులుగా మేం ముగ్గురం ప్రయాణం చేస్తున్నాం.

మా ఆయన ముఖంలోనూ రంగు లేదు. మఫ్లరు చుట్టి డబ్బాను జాగ్రత్తగా పెట్టేశాడు. కారు స్టార్ట్ చేస్తే నా సీటు వేడెక్కింది. ఈసారి నేను దాన్ని ఆపలేదు. చెమటలు కారుతుంటే గంటసేపు అలాగే కూర్చున్నాను.

జర్మనీ చట్టం సంగతి ఆయనకు తెలుసు. చితాభస్మం ఇంట్లో పెట్టుకోకూడదు, శ్మశానంలో పాతాల్సిందే. ముసలావిడ ఎలాగో కొంత దాచుకుని ఉంటుంది, అందుకే మనకు చెప్పలేదన్నాడు. నాకు చట్టం పట్టలేదు. అన్నీ ఒకదానికొకటి అతుక్కుంటున్నాయి. సీటు జరుపుకుంటున్నది ఎవరో తెలిసింది. దిక్కూ మొక్కూ లేని చోట్లన్నిటికీ మమ్మల్ని తిప్పుతున్నది ఎవరో తెలిసింది. ఏడాదిగా ఒక మనిషిని డబ్బాలో పెట్టి టేపు వేశారు, ఆయనకు దారి దొరక్క తిరుగుతున్నాడు. అలా అనుకున్నాక జాలి కలిగింది, జాలి వెనకే ధైర్యం వచ్చింది. ఇది నాకు తెలిసిన పని.

మళ్లీ జర్మనీలోకి వచ్చాం. ఎనిమిదో నంబరు బవేరియాలో, గడ్డిమేట్ల మధ్య ఒక మలుపు, అక్కడ ఇద్దరు కూర్చునే చెక్కబల్ల. సాయంత్రం మంచులాంటి పొగ పొలాల మీద పాకుతోంది. ఆ బల్ల మీద ఒక పక్కకే కూర్చున్నాను, మధ్యలో కూర్చోబుద్ధి కాలేదు. ఆ తర్వాత మ్యూనిక్‌లో ఫ్రెండ్ ఇంటికి వెళ్లి రెండ్రోజులు పప్పన్నం తిని, తొమ్మిదో నంబరు చూసుకుని ఇల్లు చేరాలన్నది మా ప్లాను. నేను పస్సావు వెళ్దామన్నాను. పటంలో ముందురోజే చూసుకున్నాను. మూడు నదులు కలిసే ఊరు. త్రివేణీ సంగమం ఇంత దగ్గర పెట్టుకుని మనిషిని డబ్బాలో తిప్పుతామా అన్నాను.

మా ఆయన కారు తాళం జేబులో వేసుకున్నాడు. "ముట్టుకోవద్దన్నది. మాటిచ్చినం" అన్నాడు.

"ఆవిడకేం తెలుసు పాపం. మూత బిగించేస్తే మనిషి ఉండిపోతాడనుకుంది. నీళ్లలో కలపనిదే ఆయనకి గతేంటి?"

"అయితే ఫోన్ చేసి అడుగుదాం."

"ఇలాంటివి ఫోన్లో అడగరు" అన్నాను. ఆ మాట అన్నది నేనే. ఎంత వెనక్కి వెళ్లి వెతుక్కున్నా ఆ మాట నా నోటి నుంచే వచ్చింది.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని పట్టుబట్టాను. ఏడ్చాను కూడా. ఆయన ఓడిపోయాడు. దారి నా ఫోన్లో ఉంది కాబట్టి కారు నావిగేషన్ అవసరం లేదు, కానీ అది తనంతట తనే తొమ్మిదో నంబరు పెట్టుకుంది. మేం తూర్పుకు తిరిగిన క్షణం నుంచి ఆ గొంతు మొదలుపెట్టింది. వీలైతే వెనక్కి తిరగండి. రెండు నిమిషాలు ఆగి మళ్లీ, వీలైతే వెనక్కి తిరగండి. శబ్దం తగ్గించాను, పెరిగింది. మా ఆయన తొమ్మిదో నంబరు రద్దు చేయబోతే తెర మీద బొమ్మ కదలలేదు. పస్సావు ఇంకా ముప్పై కిలోమీటర్లుందనగా తనంతట తనే ఊరుకుంది. ఆ మౌనం మరీ భయంగా అనిపించి, అదీ మంచికేనని నాకు నేనే చెప్పుకున్నాను.

మర్నాడు పొద్దున్నే సంగమం కొనకు నడిచాం. పొగమంచు ఇంకా లేవలేదు. ఎడమ నుంచి నల్లగా ఇల్ట్స్, మధ్యలో డాన్యూబ్, కుడి నుంచి సున్నం కలిపినట్టు ఆకుపచ్చగా ఇన్. మూడూ కలిసీ కలవనట్టు కొంతదూరం పక్కపక్కనే పారుతున్నాయి. నల్లనువ్వులు లేవు. నా దగ్గరున్న నువ్వులపొడిలో కారం, ఉప్పు ఉన్నాయి. అప్పుడే తెరిచిన బేకరీలో నువ్వులద్దిన చిన్న గుండ్రటి రొట్టె, బ్రోట్షెన్, ఒకటి కొని, దాని మీది తెల్లనువ్వులు గోటితో రాల్చుకున్నాను. ఆడవాళ్లు చేయకూడదంటారు. చేయాల్సిన మగవాడు చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డాడు. గోత్రం తెలియనివాళ్లకు కాశ్యప గోత్రం చెప్పాలని మా నాన్నమ్మ అనేది. పేరు తెలియక పెద్దాయనా అనే పిలిచాను. టేపు కోసి, మూత తీసి, వంగి నీళ్లలో వదిలాను. బూడిదలో తెల్లటి ముక్కలున్నాయి. నీళ్లకు తగలగానే కొన్ని నా వేళ్లకు అంటుకుని వెంటనే రాలేదు. రెండుసార్లు కడుక్కోవాల్సి వచ్చింది.

మిగిలిన బ్రోట్షెన్ గట్టు మీద పెట్టి పక్కకు తప్పుకున్నాను. కమ్మీల మీద మూడు కాకులున్నాయి. చూశాయి, రాలేదు. కాకి ముట్టకపోతే పోయినవాళ్లకు కోరికేదో మిగిలిపోయిందని అర్థం. అది నాకు తెలియక కాదు. కాసేపటికి ఒక బాతు ఎక్కి వచ్చి రొట్టె తిన్నది. బాతూ పక్షే కదా అని సర్దుకున్నాను. డబ్బా నదిలో వేస్తే చెత్త వేసినట్టవుతుందని కడిగి, తుడిచి, మఫ్లరులో చుట్టి మళ్లీ ఆ అరలోనే పెట్టాను. ఆ బుద్ధి మాత్రం జర్మనీ నేర్పింది.

కారు దగ్గరికి వచ్చి తలుపు తీస్తే డ్రైవర్ సీటు కదల్లేదు. ముందురోజు మా ఆయన ఎక్కడ ఆపాడో అక్కడే ఉంది. అద్దాలూ అంతే. మా ఆయన తలుపు మూసి మళ్లీ తీశాడు, ఇంకోసారి తీశాడు. నా సీటు కూడా వేడెక్కలేదు. చూశావా, పెద్దాయన వెళ్లిపోయాడన్నాను. నాకు ఎంత హాయిగా అనిపించిందంటే మ్యూనిక్ దాకా నేనే మాట్లాడాను. ఫ్రెండ్ వాళ్లావిడకు పూసగుచ్చినట్టు చెప్పాను. ఆవిడ నా చేతులు పట్టుకుని ఎంత పుణ్యం చేశావంది. మా ఆయన మాత్రం అన్నం సగంలో వదిలేసి లేచాడు. తాళంచెవి మెమరీ అని చెప్పింది ఆయనే. ఆ తాళంచెవి మారలేదు.

ఆఖరి రోజు కార్ల్స్‌రూహె వైపు వస్తూ, ముసలావిడకు కారు చూపించేముందు ఆ తొమ్మిదోదీ చూసేద్దామని నంబరు నొక్కాడు. హైవే దిగాం. ట్రామ్ పట్టాలు దాటాం. ఆ పట్టాల ఆఖరి స్టాపు కూడా దాటాం. అప్పుడు మా ఆయన కారు నెమ్మది చేశాడు. ఆ రోడ్డు మాకు తెలుసు. ఆ చర్చి తెలుసు, ఆ బస్టాపు తెలుసు. మూడు వారాల కిందట నా నిమ్మకాయల తొక్కలు ఎండి అంటుకుపోయిన ఆ ఇంటి ముందు ఆగగానే, అదే గొంతు మీరు గమ్యం చేరుకున్నారంది.

వీలైతే వెనక్కి తిరగండని ఆ సాయంత్రమంతా అడిగింది ఇంటికి తీసుకెళ్లమని. పస్సావులో నేను వదిలింది ఇంకొక్క మజిలీ మిగిలిన మనిషిని.

డబ్బాలో ఏదైనా బూడిద నింపి ఇచ్చేద్దామన్న ఆలోచన నాకు వచ్చింది, దాచడం ఎందుకు. వాళ్ల పెరట్లోనే మాంసం కాల్చుకునే పొయ్యి ఉంది. నిమిషమో అరనిమిషమో, నిజంగానే ఆలోచించాను. ఈలోపు ఆవిడ గేటు తీసింది. లేతనీలం జాకెట్టు వేసుకుంది, జుట్టు సెట్ చేయించుకుంది. వెనక చెట్టు కింద బల్ల మీద తెల్లటి గుడ్డ పరిచి, చెర్రీల కేకు కోసి పెట్టింది. కప్పులు నాలుగున్నాయి.

"అందరూ వచ్చారా?" అంది.

మా ఆయన నా వైపు చూడలేదు. చెప్పాల్సింది నేనే. మఫ్లరు విప్పి ఖాళీ డబ్బా ఆవిడ ముందు పెట్టి, వచ్చిన జర్మన్‌లో మొత్తం చెప్పాను. మూడు నదులు, నువ్వులు, మా ఊరి రేవు. మావైపు మనిషికి ఇంతకంటే గొప్ప మర్యాద లేదని, ఇది సొంత కొడుకు చేసే పనని చెప్పాను. చెబుతుంటే నాకే అవి అమ్మకానికి పెట్టిన మాటల్లా వినిపించాయి. ఆవిడ డబ్బా మూత తీసి లోపలికి చూసింది. తళతళలాడుతోంది. కడిగింది నేనే కదా.

మూత మళ్లీ పెట్టి, చెప్పడం మొదలుపెట్టింది. పెళ్లయిన కొత్తలో వాళ్లకు హోటళ్లలో దిగే స్తోమత లేదట. డొక్కు కారొకటి వేసుకుని వెళ్లి, అందులోనే పడుకునేవారట. ఆ ఎనిమిదీ వాళ్లు కారులో నిద్రలేచిన చోట్లు. ఎండ ముఖాన పడితే లేవచ్చని కారు ఎప్పుడూ తూర్పుకు తిప్పి ఆపేవాడట. ఆవిడకు చలెక్కువ. తర్వాత ఈ కారు కొన్నాక కూడా, ఎక్కడ ఆపినా ఆవిడ తిరిగి ఎక్కేలోపు ఆవిడ సీటు వెచ్చబెట్టి ఉంచేవాడట. వేసవైనా సరే, అలవాటు. పోయినేడు ఇద్దరూ కలిసి మళ్లీ వెళ్లాలనుకున్నారు. ఆయన పోయాడు. ఆవిడ తుంటి ఎముకలు అరిగిపోయి అంత కిందికున్న సీటులో కూర్చోలేదు, కూర్చుంటే లేవలేదు. అందుకని ఆయన్నొక్కడినే పంపింది. తిరిగి వచ్చాక వంటింట్లో తన దగ్గరే ఉంటాడని, తను పోయినప్పుడు తన పెట్టెలో పెట్టమని మేనకోడలికి చెప్పి ఉంచింది.

"శ్మశానంలో ఉన్నది అందరిదీ. ఇది నాది" అంది.

క్షమించమని అడిగాను. చేతులు కాలాక పట్టుకునే ఆకుల్లాంటి మాట అది, అయినా అడిగాను. ముందే చెబితే ఇలా జరిగేది కాదని కూడా నోటిదాకా వచ్చి ఆగింది. ఆవిడ కోప్పడితే బాగుండును. నా ముఖం పరీక్షగా చూసి, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది.

"మీ ఊళ్లో, ముందు భార్యను అడగరా?"



కాఫీ ఎవరూ పోసుకోలేదు. కాసేపయ్యాక ఆవిడ కర్రలు అందుకుని కారు దగ్గరికి తీసుకెళ్లమంది. నేను పక్క సీటు వైపు తలుపు తీశాను. కూర్చోలేదు. ఒక చేత్తో తలుపు పట్టుకుని, కష్టం మీద వంగి, రెండో అరచెయ్యి సీటు మీద పెట్టింది. స్టార్ట్ చేయమని మా ఆయనకు చెప్పింది. ఇంజన్ అందుకుంది. మేం ముగ్గురం ఆ చిన్న దీపం వైపే చూశాం.

స్విచ్ నాకు బెత్తెడు దూరంలో ఉంది. ఆవిడ కళ్లు తిప్పుకున్నప్పుడు ఒక్క వేలితో నొక్కితే చాలు, సీటు వేడెక్కుతుంది, ఆవిడ చెయ్యి వెచ్చబడుతుంది. నా చెయ్యి అప్పటికే సగం దూరం వెళ్లింది కూడా. వెనక్కి తీసుకుని, రెండు చేతులూ కట్టుకుని నిలబడ్డాను. ఆవిడ నన్ను ఆ మేలు అడగలేదు.

"చల్లగా ఉంది" అంది ఆవిడ, ఎవరితోనో చెబుతున్నట్టు. చెయ్యి మాత్రం తీయలేదు. ఇక ఆపమని ఆవిడే అనేదాకా ఇంజన్ అలాగే తిరుగుతూ ఉంది.